సోమవారం రాత్రి మూడు గంటలు

ప్రేమమ్మను మనం పోయినవారం కుర్చీలోంచి లేపి, అట్లాగే నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులు నిలబడితే ఎవరికైనా కాళ్ళు పీకుతాయి. కాబట్టి జరిగిందేమిటో నాలుగు ముక్కల్లో చెప్పుకుని, ఆలస్యం చేయకుండా ఆ గదిలోకే పోదాం.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయి అప్పటికి మూడేళ్ళు. కర్నూలులో ఖాళీపడిన కచేరీ బంగళాల్లో ఒకదాన్ని యూనివర్సిటీవారు తీసుకుని గణన పరిశోధనశాల పెట్టారు. అంత పొడుగు పేరు పలకడానికి ఓపిక లేక ఊరంతా దాన్ని లెక్కల బంగళా అంటుంది. అందులో పనిచేసేవాళ్ళ హోదా కాగితాల్లో "కంప్యూటర్" అని ఉంటుంది, అంటే లెక్కలు కట్టే మనిషి అని. అట్లాంటి మనుషులు పన్నెండుమంది. చేత్తో తిప్పే లెక్కల మిషను మాత్రం ఒక్కటే. పన్నెండుమందిలో ఆడమనిషి కూడా ఒక్కతే, మన ప్రేమమ్మ.

రెండేళ్ళుగా వాళ్ళు తయారుచేస్తున్నది తుంగభద్ర వరద పట్టిక. మంత్రాలయం దగ్గర ఏరు నిండుగా వస్తే, అది ఎన్ని గంటలకు ఏ ఊరిని తాకుతుందో చెప్పే పట్టిక. అది సరిగ్గా ఉంటే ఏటి ఒడ్డు ఊళ్ళవాళ్ళు గొడ్డూ గోదా తోలుకుని మిట్టకు చేరుకోవచ్చు. సోమవారం అది అచ్చుకు పోవాలి. ఈ శనివారం సభలో వాళ్ళలో ఒకడైన మద్దిలేటి రెడ్డి లేచి, పాతరేవు ఊరి కొలతలన్నీ దొంగ కొలతలని, అక్కడ ఏట్లో నాటిన కొలతరాయి చూసి నీటిమట్టం రాసే లేవి అనే మనిషి పందొమ్మిదేండ్లుగా ఇంట్లో పడుకుని తోచింది రాశాడని, పాతరేవును పట్టికలోంచే కొట్టేయాలని చెప్పాడు. సభలో నవ్వులు లేచాయి. ప్రేమమ్మ లేచింది.

ఆ లేవి ఆమె తండ్రి. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఉద్యోగానికి ఆమె రాసుకున్న దరఖాస్తు మీద ఉన్నది కర్నూలు మిషన్ హాస్టలు చిరునామా.

"సార్, నాకు సుద్దముక్క కావాల" అంది ప్రేమమ్మ.

సుద్దముక్క అడగడం చిన్న సంగతి కాదు. శనివారం సభకు బంగళా పెద్ద డాక్టర్ గురురాజాచార్యులు పెట్టిన రూళ్ళు రెండు. సుద్దముక్క ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది, అది వదిలేదాకా ఆచార్యులు కూడా కూర్చుని వినాల్సిందే. రెండోది, ఏ లెక్కయినా రెండు చేతుల మీద జరగాలి. ఒకరు కట్టినదాన్ని చూడకుండా ఇంకొకరు కట్టి, రెండూ కలిస్తేనే అది సభలోకి వస్తుంది. ఈ రెండు రూళ్ళ గురించి చెప్పేటప్పుడు ఆచార్యుల వారి ఛాతీ కొంచెం ముందుకు వచ్చేది. మద్రాసులో ఇంతింత బోర్డులు కట్టుకున్న సంస్థల్లో కూడా ఇంత నిక్కచ్చి లేదని ఆయన నమ్మకం. అందులో నిజం లేకపోలేదు.

మద్దిలేటి రెడ్డి సుద్దముక్క ఇచ్చాడు. ఆత్మకూరు వైపు పెద్ద కమతందారుల బిడ్డ అతను. తెలివిగలవాడు. ఆ సంగతి అతనికి ఇంకొకరు చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

"రెండో చేయి ఎవరమ్మా?" అన్నాడు.

"ఎవురూ లేరు రెడ్డిగారూ. వారం నుంచి నేనొక్కదాన్నే కట్టినా."

"ఒంటిచేతి లెక్క సభలో పెట్టగూడదని నీకు తెల్సు కదా."

ఆచార్యులు కళ్ళద్దాలు తీసి ధోవతి అంచుతో తుడుచుకున్నారు. "కూర్చో ప్రేమమ్మా. వచ్చే శనివారం ఇంకో చేయితో కట్టించుకుని రా, వింటాం."

"వచ్చే శనివారానికి పట్టిక అచ్చయిపోయుంటాది సార్."

"ఏం చేద్దామమ్మా. రూలు ఒకరికోసం మార్చలేం కదా."

"మార్చొద్దు సార్. నేను లెక్క పెట్టను. ఒక ప్రశ్న అడుగుతా. ప్రశ్నకు రెండో చేయి కావాలని ఈ సభలో ఎవురూ అనంగా నేను వినలేదు."

ఆచార్యుల వారు తాను పెట్టిన రూలును మనసులో ఒకసారి తిప్పి చూసుకున్నారు. సందు ఉంది. తన రూలులో సందు కనిపెట్టినవాళ్ళ మీద ఆయనకు లోపల్లోపల ముచ్చటేసేది గానీ, పైకి తేలనిచ్చేవారు కాదు. "అడుగు" అన్నారు.

బోర్డు మీద మద్దిలేటి రెడ్డి రాసిన అంకెలు అట్లాగే ఉన్నాయి. 1949 సెప్టెంబరు 12, సోమవారం. మంత్రాలయం దగ్గర వరద పూర్తిగా ఎక్కింది మధ్యాహ్నం రెండు గంటలకు. పాతరేవులో పూర్తిగా ఎక్కింది అదే తేదీ రాత్రి మూడు గంటలకు, ఇరవైరెండున్నర అడుగులు. అంటే ఎగువకు రావడానికి పదకొండు గంటల ముందే దిగువకు వచ్చేసిందన్నమాట. "ఏరు ఎనక్కి పారినాదేమో" అని వెనక వరసలో ఎవరో అన్న మాటకే ఇందాకటి నవ్వులు. ఆ నవ్వు ప్రేమమ్మ చెవుల్లో ఇంకా ఉంది. కోపం వచ్చింది. కన్నతండ్రిని దొంగ అని పదిమందీ నవ్వితే రాదా మరి. అయితే కోపంతో గొంతు పెంచితే పని చెడుతుందని ఆమెకు తెలుసు. అందుకే వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది.

అక్కడ ఓబులేసు ఉగ్గాని పళ్ళాలు సర్దుతున్నాడు. శనివారం సభకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెచ్చేది అతనే, మిషనుకు నూనె పెట్టి తుడిచేది అతనే. బంగళాలో అందరికంటే వయసులో పెద్దవాడు.

"ఓబులేసన్నా, నీ మనవడు పుట్టింది ఎప్పుడు?"

"అందరికీ బెల్లం పెట్టినా గదా పాపా, మర్సిపోయినావా? మొన్నటి శుక్రారం రాత్రి, నాలుగు గంటలప్పుడు. ఇంగా కోడి కూయలా."

"ఆ శుక్రవారం పగలు నువ్వు ఈడికి పనికి వచ్చినావా?"

"వచ్చినా. కోడలికి నొప్పులు మొదలైనాయని సాయంత్రం కబురొస్తే ఇంటికి పోయినా."

"అయితే నొప్పులు వచ్చినాక పుట్టినాడా, రాకముందే పుట్టినాడా?"

ఓబులేసు పళ్ళెం కింద పెట్టి ఆమె మొహంలోకి చూశాడు, పిల్లకు ఒంట్లో బాగలేదేమోనని. "ఏం ప్రశ్న పాపా అది. నొప్పులు రాకుండా యాడన్నా పుడతారా?"

"ఇప్పుడు మనం కట్టే లెక్క ప్రకారమైతే ముందే పుట్టినాడన్నా. శుక్రవారం నాలుగు గంటలంటే మన గడియారానికి ఇంకా తెల్లవారని శుక్రవారం. నొప్పులొచ్చింది ఆ సాయంత్రం."

ఈసారి కూడా నవ్వులు లేచాయి, కానీ అంతకుముందు లేచిన నవ్వులు కావు. మధ్యలోనే ఒక్కొక్కరూ ఆపేశారు. ఆచార్యుల వారు తుడుచుకున్న కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు.

ప్రేమమ్మ బోర్డు వైపు తిరిగింది. "నా ప్రశ్న ఇదే సార్. మనకు అర్ధరాత్రి పన్నెండు కొడితే తేదీ మారతాది. ఏటి ఒడ్డున ఉండే మనిషికి తెల్లవారితేనే మారతాది. సోమవారం రాత్రి మూడు అని ఆయన రాస్తే, అది మనకు మంగళవారం. పదమూడో తేదీ. అట్లయితే మంత్రాలయంలో మధ్యాహ్నం రెండుకు ఎక్కిన ఏరు, పదమూడు గంటలకు పాతరేవు తాకినట్ల. ఇందులో వెనక్కి పారిందేముంది?"

మద్దిలేటి రెడ్డి లేచాడు. సుద్దముక్క తన చేతిలో లేదని గుర్తొచ్చి చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చింది. అతనికి కోపం రాలేదు, అతను ఆలోచిస్తున్నాడు. ఆ సంగతి మాత్రం అతని గురించి గొప్పగానే చెప్పుకోవాలి.

"బాగుంది. మనుషులు మాట్లాడేటప్పుడు అట్లనే మాట్లాడతారు, మా ఇంట్లో కూడా అంతే. కానీ ఇది మాట కాదమ్మా, రిజిస్టరు. ఇదో చూడు, నకలు నా దగ్గర ఉండాది. పన్నెండో తేదీ కింద మొట్టమొదటి కొలత రాత్రి ఒంటిగంట, ఇరవైఒక్క అడుగులు. రెండోది రాత్రి మూడు, ఇరవైరెండున్నర. ఆ తర్వాత ఉదయం ఆరు, తొమ్మిది అడుగులు. మూడు గంటల్లో ఏరు పదమూడున్నర అడుగులు దిగిపోయిందంట. మళ్ళా సాయంత్రానికి పదిహేను. కళ్ళతో చూసి రాసేవాడెవడైనా ఇట్ల రాస్తాడా? నువ్వు చెప్పిందే నిజమైతే ఒంటిగంట, మూడు అన్నీ ఆ దినం చివర్న ఉండాల కదా. మొదట్లో ఏమిటికి ఉండాయి?"

మంచి ప్రశ్న. గది మళ్ళీ అతని వైపు వాలిపోయింది. ఆ నకలు కాగితం ప్రేమమ్మ ఇంతకుముందు చూడలేదు. ఆమె లెక్క కట్టింది అంకెల జాబితా చూసి. కానీ నాయనను ఆమె ఎరుగును. నీళ్ళు ఎక్కుతున్న రోజుల్లో అన్నం ముందు కూర్చుని కూడా ఏటి వైపు చెవి పెట్టే మనిషి. ఆ మనిషి వరస తప్పి రాయడు.

"అసలు రిజిస్టరు తెప్పించండి సార్" అంది.

"సుద్దముక్క నా దగ్గర ఉండాది" అన్నాడు మద్దిలేటి రెడ్డి. ఆ వెంటనే తనే అన్నాడు, "నేనే అడుగుతాండా సార్. అసలు రిజిస్టరు తెప్పించండి."

ఓబులేసు వెనక గదిలోకి పోయి, పురికొస కట్టిన కట్టల్లో వెతికి వెతికి, అట్ట చివికిన పుస్తకం ఒకటి తెచ్చాడు. దాన్ని విప్పితే ఒండ్రుమట్టి వాసన వచ్చింది. ఊదారంగు పెన్సిలుతో రాసిన లావుపాటి అక్షరాలు, పలక మీద దిద్దినంత శ్రద్ధగా ఉన్నాయి. మిషన్ బడిలో మూడో తరగతిదాకా చదివిన చేతిరాత. ఆ రాతను ఆ బంగళాలో చూస్తానని ప్రేమమ్మ ఎన్నడూ అనుకోలేదు. ఇంట్లో తన బైబిలు మొదటి పేజీలో ఆమె పుట్టినరోజు రాసింది ఆ చెయ్యే. కళ్ళు మసకబారాయి. తల దించుకుని, చూపుడువేలు పేజీ మీద పెట్టి ఆచార్యుల వారికి వినపడేట్టు చదివింది.

"పన్నెండో తేదీ. పొద్దున ఆరు, తొమ్మిదడుగులు. మధ్యాహ్నం పన్నెండు, పదకొండు. సాయంత్రం ఆరు, పదిహేను. రాత్రి పది, పందొమ్మిది. రాత్రి ఒంటిగంట, ఇరవైఒకటి. రాత్రి మూడు, ఇరవైరెండున్నర. ఈడ అడ్డగీత గీసినాడు సార్. గీత కింద పదమూడో తేదీ. పొద్దున ఆరు, ఇరవైఒకటీ ముక్కాలు."

ఏరు మెట్టుమెట్టుగా ఎక్కి, దిగడం మొదలుపెట్టింది. చిన్నపిల్లవాడికి చూపించినా అర్థమవుతుంది.

"అయితే ఈ నకలులో వరస మార్చిందెవరు?" అన్నారు ఆచార్యులు.

మద్దిలేటి రెడ్డి నకలు కాగితాన్ని చూస్తూ నిలబడ్డాడు. అతను నోరు మెదపకపోతే ఆ నకలు ఎవరు రాశారో తేల్చడానికి ఇంకో వారం పట్టేది. రెండేళ్ళలో నలుగురు ఆ పని చేశారు, ఇద్దరు వెళ్ళిపోయారు కూడా. అతనికీ ఆ సంగతి తెలుసు.

"నేనే సార్" అన్నాడు. "చేరిన కొత్తలో. తెల్లారుజాము మూడు గంటలది దినం చివర్న రాసినాడే, ఏమీ తెలియనోడు, అనుకొని నేనే సర్ది రాసినా. పందొమ్మిదేండ్లదీ అట్లనే సర్దినా. ఆయన రాసింది సరిగ్గా ఉండాది. చెడగొట్టింది నేను."

అట్లా అనడం సులభం కాదు. అంతమందిలో, అంత తెలివిగలవాడు, ఒక ఆడపిల్ల ముందు. ప్రేమమ్మకు అప్పటిదాకా అతని మీద ఉన్న కోపంలో సగం పోయింది. మిగతా సగం ఉంది, అది అంత తొందరగా పోయేది కాదు.

"నీ కాగితం ఇయ్యమ్మా" అన్నాడతను. ఆమె తీయబోతుంటే మళ్ళీ వారించాడు. "నాకు వద్దు. మడిచి సార్ చేతికియ్యి. రెండో చేయి నేను కడతా. ఇప్పుడే, ఈడనే."

అర్ధరాత్రి దాటాక పూర్తిగా ఎక్కిన వరదలు ఆ పుస్తకంలో అయిదు ఉన్నాయి. అయిదింటికీ ఎన్ని గంటలు పట్టింది, గంటకు ఎన్ని మైళ్ళు నడిచింది, కట్టాలి. మద్దిలేటి రెడ్డి మిషను ముందు కూర్చుని చొక్కా చేతులు మడిచాడు. పిడి తిప్పితే పళ్ళచక్రాలు కరకరమన్నాయి. ఓబులేసు పక్కన నిలబడి అంకె పడ్డప్పుడల్లా తల ఊపాడు, తన మిషను మాట వింటున్నందుకు. అరగంట పట్టింది. ఉగ్గాని చల్లారిపోయింది, ఒక్కరూ లేవలేదు. ఇంతకుముందు నవ్వినవాళ్ళే ఇప్పుడు మెడలు చాచి చూస్తున్నారు. ఈ లెక్క కలవాలని వాళ్ళకు కూడా ఉంది. ఎందుకో అడిగితే చెప్పలేరు.

ఆచార్యులు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. మొదటి వరద, పదమూడు గంటలు, పదమూడు. కలిసింది. రెండోది కలిసింది. మూడోది, నాలుగోది కలిశాయి. అయిదో దగ్గర ఆయన ఆగారు.

"గంట తేడా ఉంది. ఎవరిది తప్పు?"

ఇద్దరూ వంగి చూశారు. ప్రేమమ్మ చెవులు వెచ్చబడ్డాయి. తీసివేతలో ఒకటి తెచ్చుకోవడం మరిచింది.

"నాదే సార్. తప్పు నేనే వేసినా."

"అందుకేనమ్మా రెండో చేయి" అన్నారు ఆచార్యులు. ఆ మాటలో దెప్పు లేదు. దిద్దుకున్నాక అయిదో వరద కూడా కలిసింది. అయిదూ ఒకే దారిలో, పన్నెండుకూ పదమూడున్నరకూ మధ్య. ఆయన కాగితాలు దించి, గట్టిగా ఊపిరి తీసుకున్నారు. "అయిదూ ఒకే తీరుగా తప్పినప్పుడే మనకు అనుమానం రావాల్సింది. దొంగ రాతలైతే తలా ఒక తీరుగా తప్పుతాయి. నాకు రాలేదు. పన్నెండుమందిలో నీ ఒక్కదానికి ఎట్లా వచ్చింది?"

ఇదే ఆమె భయపడిన ప్రశ్న. అబద్ధం చెప్పొచ్చు, ఎవరూ పట్టుకోలేరు. అయితే ఆ పేజీ మీద తన వేలు ఇంకా ఉంది.

"ఆ లేవి మా నాయన సార్."

గదిలో కుర్చీ ఒకటి కిర్రుమంది. ప్రేమమ్మ ఆగకుండా చెప్పేసింది. "ముందే చెప్పుంటే నా లెక్క ఎవురూ చూసేవాళ్ళు కాదు. తండ్రి కోసం మాట్లాడతాంది అనేవాళ్ళు. నేను మా నాయన కోసమే మాట్లాడినా. కానీ లెక్క మాత్రం ఎవురి కోసమూ కట్టలేదు. అది మీరే కలిపి చూసినారు."

"చెప్పుంటే నేను వినేవాణ్ని కాదు" అన్నాడు మద్దిలేటి రెడ్డి. "చెప్పకపోవడమే మంచిదైంది."

ఆచార్యుల వారు లేచి బోర్డు దగ్గరికి వచ్చారు. పాతరేవు అన్న పేరు మీద మద్దిలేటి రెడ్డి కొట్టిన గీతను తన ఉత్తరీయంతోనే తుడిచేశారు. పక్కన పెద్ద అక్షరాలతో "కొలిచినవారు: లేవి" అని రాశారు. పట్టికలో ఇంతవరకు ఏ ఊరి పక్కనా కొలిచినవాడి పేరు లేదు. "అన్ని ఊళ్ళకూ రాద్దాం" అన్నారు. "వాళ్ళు వానలో నిలబడకపోతే మనకిక్కడ కట్టేందుకు లెక్కేముంది? అయిదు వరదల్లోనూ పెద్దది ఈ ఇరవైరెండున్నర. ఇక దిగువ ఊళ్ళ పట్టికంతా దీని మీదే నిలబడుతుంది."

తండ్రి పేరు ఆ బోర్డు మీద చూసినప్పుడు ప్రేమమ్మకు కలిగింది గర్వమే. దాన్ని ఆమె దాచుకోలేదు. కన్నీళ్ళు తుడుచుకోకుండా, తల ఎత్తుకునే నిలబడింది. ఆ క్షణాన ఆమె ముందు ఎవరు నిలబడ్డా ఆమెకు లెక్కలేదు.

ఆచార్యులు మాత్రం సుద్దముక్క కింద పెట్టలేదు. ఏదో గుర్తొచ్చి మొహం తెల్లబోయింది.

"రెడ్డి లెక్క సభకు రాకముందే, మంగళవారం నేను ఏటి కొలతల శాఖకు ఉత్తరం రాశాను" అన్నారు మెల్లగా. "పాతరేవు కొలతలు నమ్మదగినవి కావని. సంతకం కూడా నాదే. రెండు చేతుల మీద కట్టిన లెక్క కదా అని. వాళ్ళు ఈపాటికి ఆయనకు నోటీసు పంపే ఉంటారు. తంతి కొడతాను, ఇప్పుడే కొడతాను."

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. "సార్, పొద్దు నడినెత్తిన ఉండంగా ఒక పెద్దమనిషి వచ్చినాడు. సభ జరుగుతాంది అంటే, అయినాకే వస్తాలే అని వరండాలో కూర్చున్నాడు. చేతిలో కాగితం ఉండాది."

ఆచార్యులు స్వయంగా గుమ్మం దాకా వెళ్ళారు. లోపలికి వచ్చిన మనిషి పొడుగ్గా, ఎండిన తుమ్మకొయ్యలా ఉన్నాడు. చెప్పులు బయటే విడిచాడు. ఉతికిన పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో ఇంగ్లీషులో టైపు కొట్టిన నోటీసు. గుడిలో పాస్టరు గారి చేత చదివించుకుని, పొద్దున మొదటి బస్సెక్కి వచ్చాడు. కూతురు కనబడింది. కళ్ళతోనే పలకరించాడు గానీ, ముందు వచ్చిన పని చూసుకున్నాడు.

"ఈడ లెక్కలు కట్టే పెద్దయ్య ఎవురు?"

"నేనేనయ్యా. గురురాజాచార్యులు అంటారు. కూర్చో."

"నిలబడే ఉంటా సార్. నేను అబద్ధం రాసినానంట ఇందులో. యాడ రాసినానో చూపిచ్చండి. చూపిస్తే రాయి అప్పజెప్పి పోతా."

ఆచార్యుల వారు అందరి ముందే చేతులు జోడించారు. అట్లా ఆయన చేతులు జోడించడం ఆ బంగళాలో ఎవరూ చూసి ఎరగరు. "నువ్వు రాసిందాంట్లో తప్పు లేదు లేవీ. తప్పు మాది. మా గడియారం చూసుకుని నీ రాత్రులను చెరిపేశాం. నీ కూతురే ఇందాక మాకు చూపించింది. అయిదు వరదలూ కట్టి చూశాం. ఒక్క కొలత కూడా తప్పలేదు. నీ పేరు పట్టికలో అచ్చు వేస్తున్నాం."

మద్దిలేటి రెడ్డి ముందుకు వచ్చి తనే కుర్చీ జరిపాడు. "కూర్చోప్పా. తప్పు చేసింది నేను" అన్నాడు.

లేవి అందరినీ చూశాడు. బోర్డు చూశాడు. తన పేరును కూడబలుక్కుని చదువుకున్నాడు. మొహంలో ఒక వెలుగు వచ్చింది, మనిషి ఇంకొంచెం పొడుగైనట్టు కనబడ్డాడు. తర్వాత చూపు కొంచెం పక్కకు జరిగి, సెప్టెంబరు 12 రాత్రి మూడు గంటలు అన్న చోట, ఇరవైరెండున్నర దగ్గర ఆగింది. ఆ వెలుగు మెల్లగా తగ్గిపోవడం ప్రేమమ్మ ఒక్కతే గమనించింది.

"నాయనా, కూర్చో" అంది.

లేవి కూర్చోలేదు. నోటీసును నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"సార్, మీరింత పెద్దోళ్ళు, తప్పు మాదని ఇంతమంది ముందర చెప్పినారు. శానా గొప్ప మాట. అది విన్నాక నేనొకటి చెప్పకుండా పోతే నాకు అన్నం దిగదు." బోర్డు దగ్గరికి నడిచి, ఇరవైరెండున్నర కింద వేలు పెట్టాడు. "పందొమ్మిదేండ్లు రాసిందంతా నేను కండ్లతో చూసి రాసిందే. ఇదొక్కటి తప్ప. ఇది రాసింది నేనే సార్. చూసింది మాత్రం నేను కాదు."